చేతివేళ్ల చదువు

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మన పెద్దలు అన్నారు. ఈ సామెతను మనం సాధారణంగా క్రమశిక్షణను గురించి చెప్పడానికే వాడుతుంటాం. కాని మొక్క వంగడమంటే మరొకరు వంచడం మాత్రమే కాదు. వెలుతురు ఉన్న వైపుకు తనంత తానుగా వంగడం కూడా. పసిబిడ్డ చేయి అటువంటిదే. దొరికిన ప్రతి వస్తువునూ పట్టుకొంటుంది, తిప్పి చూస్తుంది, విరుస్తుంది, మళ్లీ అతికించబోతుంది. బడిలో అడుగు పెట్టక ముందే, పలక పట్టక ముందే ఆ చేయి తన చదువును తాను ప్రారంభించింది. ఆ చదువును సాగనివ్వడమా, మధ్యలో మాన్పించడమా అన్నది ఇంటిలోని పెద్దల మీద ఆధారపడి ఉంది. నేటి ఇళ్లలో చాలవరకు మనం దానిని తెలియకుండానే మాన్పిస్తున్నామని నా అభిప్రాయం.

నంద్యాలలో మా పొరుగింట జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ మాటను వివరిస్తాను. ఆ ఇంటి బాబు ఒకటవ తరగతి. గాలిమర నమూనాను చేసి మరునాటికి తీసుకొని రావాలని బడిలో చెప్పారు. రాత్రి పది గంటల వేళ ఆ ఇంట దీపం వెలుగుతూనే ఉంది. తండ్రి దుకాణానికి వెళ్లి థర్మకోలు, రంగు కాగితాలు, జిగురు కొని తెచ్చాడు. తల్లి కొలతలు వేసి చక్కగా కత్తిరించి అతికిస్తున్నది. బాబు పక్కనే నిలబడి “నేను కూడా కత్తిరిస్తా” అని రెండుమూడు సార్లు అడిగాడు. “నువ్వు చెడగొడతావు నాయనా, పోయి పండుకో” అన్నది తల్లి. ఆమెను తప్పు పట్టలేం. పగలంతా పనిచేసి అలసిన తల్లి ఆమె. మరునాడు ఆ గాలిమరకు మెచ్చుకోలు లభించింది. సాయంత్రం వీధిలో కనిపించిన బాబును పలకరించి, “గాలిమర ఎట్లా తిరుగుతుంది?” అని అడిగాను. ఆ బాబు ఏమాత్రం తడుముకోకుండా, “మాయమ్మకు తెలుసు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. బాబు అబద్ధం చెప్పలేదు. గాలిమర చేసిన వారికే అది తెలుస్తుంది. రెక్కలను ఒకే వైపు వాలుగా మడవకపోతే అది తిరగదని, నడిమి సూది బిగిస్తే ఆగిపోతుందని, వదులైతే ఊగిపోతుందని చేసిన చేతికే అర్థమవుతుంది. ఆ రాత్రి ఆ ఇంట ఒక పాఠం జరిగింది. కాని ఆ పాఠం నేర్చుకొన్నది తల్లి. మార్కు పొందినది బాబు. పిల్లలతో ఇంటిలో చేయించే చేతిపనుల విషయంలో నేను చెప్పదలచిన ముఖ్యాంశం ఇదే: పని బిడ్డది కావాలి. వంకరగా వచ్చినా, సగంలో ఆగినా అది బిడ్డ చేసిన పనే కావాలి. పెద్దలు చేసి ఇచ్చిన అందమైన బొమ్మ కంటే బిడ్డ చేసిన అందవికారమైన బొమ్మ వెయ్యి రెట్లు విలువైనది.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన మాత్రమే కలగలేదు. ఆ తరువాత శివరాత్రికి, ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లె నుంచి ఆ బాబు అవ్వ వచ్చింది. వస్తూ సంచిలో నాలుగు ఎండు జొన్నదంట్లు తెచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి నేలలలో జొన్న పూర్వకాలం నుంచి పండే పైరు. జొన్నదంటు పైన గట్టి పెచ్చు, లోపల మెత్తని తెల్లని బెండు ఉంటాయి. పెచ్చు అంచు కత్తివలె వేలిని కోస్తుంది. అందుచేత ఆ పెచ్చును అవ్వ తానే ఒలిచింది. బెండును, సన్నగా చీల్చిన పుల్లలను మాత్రం మనుమడి ముందు పోసింది. ఇంతకుమించి ఆమె చేసినది ఏమీ లేదు. తాను ఒక బండిని చేసుకొంటూ కూర్చున్నది. బాబు ఆమె చేతులను చూస్తూ మరొక బండిని చేయసాగాడు. బెండు ముక్కలు చక్రాలయ్యాయి, పుల్లలు ఇరుసయ్యాయి. అతని బండి మొదట నడవలేదు. ఒక చక్రం పెద్దది, మరొకటి చిన్నది. అవ్వ దిద్దలేదు. “ఎందుకు పక్కకు పోతాంది చూడు” అని మాత్రం అన్నది. బాబు రెండు చక్రాలను పక్కపక్కన పెట్టి చూసి, పెద్దదానిని కొరికి చిన్నది చేశాడు! బండి తిన్నగా నడిచింది. కొలత అనేది ఎందుకు అవసరమో ఆ క్షణాన ఆ బిడ్డకు తెలిసింది. పలక మీద వంద సార్లు వ్రాయించినా అంత బాగా తెలియదు.

మన పూర్వుల ఇళ్లలో ఇటువంటి పాఠశాలలు అడుగడుగునా ఉండేవి. వాటికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు. తాటాకుతో గాలిమర, కొబ్బరాకుతో బూర, ముంజకాయలతో బండి, రెండు అగ్గిపెట్టెల నడుమ దారం కట్టి మాట్లాడుకొనే ఫోను, వాన నీటిలో కాగితపు పడవ, దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు - ఇవన్నీ ఆటలుగానే సాగాయి. దారం బిగువుగా ఉంటేనే మాట వినబడుతుందని అగ్గిపెట్టె ఫోను చెప్పింది. ధ్వని అనేది ప్రకంపన అనే సంగతిని పాఠ్యపుస్తకం ఆ తరువాత ఎన్నో ఏళ్లకు చెప్పింది. ముగ్గు చుక్కలను లెక్కించి, వరుసలను కలిపి, ఒక వైపు గీసిన తీగను రెండవ వైపు అదే తీరున తిప్పడం నేర్చిన బాలికకు సౌష్ఠవం అనే మాట తెలియకపోవచ్చు, సౌష్ఠవం తెలుసు.

అక్షరాలను నేర్పడానికి కూడా చేతిపనికి మించిన ఉపాయం లేదు. బియ్యం పళ్లెంలో వేలితో అక్షరం దిద్దించి విద్యను ప్రారంభించే ఆచారం మనకు ఉంది. ఆ ఒక్క రోజుతో దానిని ముగించడమే మన పొరపాటు. మూడు, నాలుగు ఏళ్ల పిల్లల వేళ్లకు పెన్సిలును పట్టి నడిపేటంత పటుత్వం ఇంకా వచ్చి ఉండదు. బంకమట్టిని గాని, తడిపిన గోధుమపిండిని గాని పిసకడం, ఉండలు చేయడం, అరచేతుల మధ్య తీగలుగా సాగదీయడం వలన ఆ పటుత్వం వస్తుంది. తెలుగు లిపి గుండ్రని లిపి. పిండి తీగను వంచితే ‘ర’ వస్తుంది, దాని మధ్యలో ఒక చుక్క పెడితే ‘ఠ’ వస్తుంది. అక్షరాన్ని కంటితో చూడడమే కాక వేళ్లతో తడిమిన బిడ్డ దానిని సులభంగా మరచిపోదు. అట్లే చింతపిక్కలను ఐదేసి, పదేసి కుప్పలు పెట్టిన బిడ్డకు ఎక్కం కంఠస్థం చేయవలసిన మంత్రం కాదు. కంటికి కనబడే కుప్పల వరుస.

కాగితపు మడతలలో ఎంతటి గణితం దాగి ఉందో తెలుసుకోవడానికి మన దక్షిణ దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఒక పాఠశాలను స్థాపించాడు. కొద్దికాలానికి దానికి ‘కిండర్‌గార్టెన్’ అని, అంటే పిల్లల తోట అని పేరు పెట్టాడు. చెక్క దిమ్మెలు, బంతులు, మట్టి, కాగితపు మడతలు ఆ తోటలోని పాఠాలు. ఆ మడత కాగితాలు కాలక్రమాన మద్రాసుకు చేరాయి. అక్కడ టి. సుందరరావు అనే గణితజ్ఞుడు వాటిని చూసి ప్రేరణ పొంది, కత్తెర, వృత్తలేఖిని లేకుండా కేవలం కాగితాన్ని మడవడం ద్వారా జ్యామితిని నేర్పే గ్రంథాన్ని రచించి 1893లో మద్రాసులోనే ప్రచురించాడు. జర్మనీలోని ప్రసిద్ధ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ గ్రంథాన్ని ప్రస్తావించాడు. 1901లో అమెరికాలోని చికాగో నగరంలో అది పునర్ముద్రణ పొందింది. పసిపిల్లల పాఠంగా ఐరోపా నుంచి వచ్చిన కాగితపు మడత మద్రాసులో శాస్త్రగ్రంథమై మళ్లీ పశ్చిమానికి వెళ్లింది. ఈనాడు మన ఇంటిలో ఒక పాత వార్తాపత్రికను బిడ్డ చేతికిచ్చి సగానికి మడవమని, మళ్లీ సగానికి మడవమని చెప్పినప్పుడు, అర భాగం, పావు భాగం అనే భావనలను ఆ బిడ్డ చేతిలోనే పెడుతున్నామని గుర్తించాలి.

చేతికి, బుద్ధికి గల ఈ బంధాన్ని మన ప్రాంతంలో కళ్లారా చూడదలచినవారు ఆళ్లగడ్డకు వెళ్లాలి. నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే రహదారిలో సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ పట్టణం శిల్పులకు ప్రసిద్ధి. ఇక్కడ మలచిన దేవతామూర్తులు, నాయకుల విగ్రహాలు ఎన్నో ఊళ్లకు తరలి వెళుతుంటాయి. శిల్పి పని సుత్తితో మొదలవుతుందని మనం అనుకొంటాం. నిజానికి అది గీతతో మొదలవుతుంది. మూర్తి శిరస్సు ఇంత ఉంటే దేహం ఎన్ని రెట్లు ఉండాలి అనే తాళమానాన్ని అనుసరించి, రాతి మీద రూపాన్ని గీసుకొన్న తరువాతనే ఉలిని ఆనిస్తారు. రాతిలో ఒక పెచ్చు అధికంగా ఊడితే దానిని మళ్లీ అతికించే వీలు లేదు. అందువల్ల చేయి కదలక ముందు మనసు కదలాలి. మనసు అనుకొన్నదానిని చేయి అక్షరాలా పాటించాలి. లెక్క, రేఖ, ఓర్పు, ఏకాగ్రత, రాతి స్వభావం పట్ల ఎరుక - ఇన్ని శాస్త్రాలు ఆ ఒక్క ఉలి మొన మీద నిలిచి ఉన్నాయి. అటువంటి పనిని ‘చేతిపని’ అని చులకనగా పిలిచి, పుస్తకాన్ని చూసి వ్రాసిన జవాబును మాత్రమే ‘చదువు’ అని గౌరవించడం మనకు అలవాటైంది. ఆళ్లగడ్డ ఉలి చప్పుడు వింటున్నప్పుడు ఆ అలవాటు ఎంత అన్యాయమైనదో అర్థమవుతుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వినవలసి ఉంది. చేతిపనులను పొగడడమంటే శిల్పి కొడుకును శిల్పిగా, కుమ్మరి కూతురిని కుమ్మరిగానే ఉంచడం కాదా అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ తన ‘నయీ తాలీం’ భావనను దేశం ముందుంచారు. ఏదో ఒక ఉత్పాదకమైన చేతిపని చుట్టూ విద్య అంతా అల్లుకోవాలన్నది దాని సారాంశం. అది మహత్తరమైన ఆలోచన. కాని 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ పాఠశాలల సమయాన్ని తగ్గించి, మిగిలిన వేళలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలనే పథకాన్ని తెచ్చినప్పుడు, అది కులవృత్తులను శాశ్వతం చేసే విద్య అని తీవ్రమైన నిరసన చెలరేగింది. 1954లో ఆ పథకం రద్దయింది. నిరసన తెలిపినవారి ఆవేదన న్యాయమైనదని నేను భావిస్తాను. పుట్టుకను బట్టి చేతికి పనిని కేటాయించడం విద్య కాదు.

అయితే ఆ ఆక్షేపణకు సమాధానం చేతిపనిని విడిచిపెట్టడం కాదు; దానిని అందరికీ పంచడం. కుమ్మరి బిడ్డ మాత్రమే మట్టిని ముట్టాలన్న నియమం ఎంత తప్పో, అధికారి బిడ్డ మట్టిని ముట్టరాదన్న నియమం కూడా అంతే తప్పు. డాక్టరు బిడ్డ, రైతు బిడ్డ, శిల్పి బిడ్డ, కూలి బిడ్డ ఒకే మట్టిముద్దను పిసికిన నాడు ‘పని చేసే చేయి తక్కువ, వ్రాసే చేయి ఎక్కువ’ అనే భావం మొగ్గలోనే రాలిపోతుంది. శ్రమను గౌరవించమని పది ఉపన్యాసాలు చెప్పడం కంటే, అయిదేళ్ల వయసులో ఒక్క కుండను చేయబోయి విఫలం కావడం మేలు. ఎందుకంటే ఆ తరువాత కుమ్మరి చక్రం ముందు ఆ బిడ్డ తల తనంత తానే వంగుతుంది. పిల్లల చేత సంపాదన కోసం పని చేయించడం వేరు, బిడ్డ తన ఆనందం కోసం పని చేసుకోవడం వేరు. మొదటిది నేరం, రెండవది బిడ్డ హక్కు.

రెండవ ఆక్షేపణ తీరికను గురించినది. “మాకు సమయమేదీ? సామగ్రికి డబ్బేదీ? ఇల్లంతా చెత్త అవుతుంది” అని తల్లిదండ్రులు అంటారు. ఇది సాకు కాదు, నిజమే. ఇద్దరూ కూలికి వెళ్లే ఇంటిలో, ఒకే గది ఉన్న ఇంటిలో బిడ్డ పక్కన తీరికగా కూర్చోవడం సులభం కాదు. అందుకే బిడ్డ ఏడవగానే చేతిలో సెల్‌ఫోను పెట్టడం అలవాటైంది. ఆ ఫోను తెర మీద రంగురంగుల బొమ్మలు తమంతట తామే ఏర్పడతాయి. బిడ్డ చేయవలసినది ఒక వేలితో తెరను తాకడం మాత్రమే. పది వేళ్లతో పుట్టిన బిడ్డను ఒక్క వేలికి కుదిస్తున్నాం. ఇది మాత్రం ఆలోచించవలసిన విషయం.

నిజానికి చేతిపనికి కావలసినవి డబ్బు, విశాలమైన ఇల్లు కావు. అరవింద్ గుప్తా అనే ఇంజనీరు జీవితం ఇందుకు నిదర్శనం. కాన్పూరులోని ఐఐటీలో చదివిన ఆయన 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు పల్లె బడులలో జరుగుతున్న విజ్ఞాన శిక్షణ కార్యక్రమంలో పనిచేశారు. సంతలో చౌకగా దొరికే సైకిలు వాల్వు రబ్బరు గొట్టం ముక్కలను, అగ్గిపుల్లలను కలిపి త్రిభుజాలు, చతురస్రాలు, ఇళ్లు, గోపురాలు కట్టే ఆటను రూపొందించారు. త్రిభుజాన్ని ఎంత నొక్కినా వంగదని, చతురస్రం వంగిపోతుందని పిల్లలు తమ చేతులతోనే కనుగొన్నారు. ఆ తరువాత పారవేసిన వస్తువులతో వందల కొలది ఆటబొమ్మలను తయారుచేసి దేశమంతటా పంచారు. 2018లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. పారవేసిన కాగితం, ఖాళీ అగ్గిపెట్టె, విరిగిన గాజు కాని పుల్ల, పాత గుడ్డపేలిక, కొబ్బరి చిప్ప - ఇవి లేని ఇల్లు ఉండదు. అన్నం మెతుకులే జిగురు. పసుపు, బీటుదుంప రసం, ఆకుపసరు రంగులు. వారంలో ఒక్క గంట దీనికి కేటాయించలేని ఇల్లు అరుదు.

ప్రభుత్వాలు కూడా ఈ విషయాన్ని గుర్తించాయి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీలు వచ్చాయి. పౌష్టికాహారంతోపాటు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య కూడా వాటి బాధ్యత. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు గల వయసును పునాది దశగా పేర్కొని, ఆటల ద్వారా, చేతిపనుల ద్వారా నేర్పాలని చెప్పింది. ఇవి హర్షింపదగినవే. కాని ఏ విధానమూ మన వసారాలోకి వచ్చి బిడ్డ పక్కన కూర్చోదు. ఆ పని ఇంటివారిదే. పైగా పాఠశాల చెప్పిందని చేసే ‘ప్రాజెక్టు’కు, బిడ్డకు తోచి చేసే పనికి ఎంతో అంతరం ఉంది. మొదటిదానిలో బహుమతి మీద చూపు. రెండవదానిలో పని మీద చూపు.

ఇంటిలో చేతిపని చేయించేవారు కొన్ని జాగ్రత్తలను తప్పక పాటించాలి. మూడేళ్ల లోపు పిల్లలకు చింతపిక్కలు, పూసలు, గుండీలు వంటి చిన్న వస్తువులను ఇవ్వరాదు. అవి నోటిలోకి, గొంతులోకి వెళితే ప్రాణాపాయం కలుగుతుంది. ఆపై వయసువారి దగ్గర కూడా పెద్దలు ఉండాలి. మొన లేని చిన్న కత్తెరనే వాడనివ్వాలి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారే వింతను చూపవచ్చు. కాని సున్నం చర్మానికి, కళ్లకు హాని చేస్తుంది కనుక దానిని పెద్దలే కలపాలి. ఇవి చేతికి సంబంధించిన జాగ్రత్తలు. మాటకు సంబంధించిన జాగ్రత్త ఇంతకన్నా ముఖ్యమైనది. “ఇది ఏమిటి, కుక్కనా, గాడిదనా?” అని నవ్వరాదు. “పక్కింటి పాప ఎంత బాగా చేసిందో చూడు” అని పోల్చరాదు. “ఇటు తే, నేను చేస్తా” అని లాక్కోరాదు. “ఇది ఎట్లా చేశావు?” అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో బిడ్డ తాను చేసిన పనిని మాటలలో పెట్టడం నేర్చుకొంటుంది. చేతిపనిలో నుంచి భాష పుట్టే చోటు అదే.

ఆ ప్రశ్నకు ఎంత బలం ఉందో నాకు మళ్లీ ఆ పొరుగింటి బాబే తెలిపాడు. వేసవి సెలవులలో అతను అవ్వ ఊరికి వెళ్లాడు. తొలకరి పడిన తరువాత తిరిగి వచ్చాడు. వస్తూ ఒక మట్టి ఎద్దును తెచ్చాడు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, పొరుగునున్న కర్ణాటకలో జ్యేష్ఠమాసపు అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించే ఆచారం ఉంది. ఈ బాబుది పండుగ ఎద్దు కాదు, ఆడుకొనే ఎద్దు. దానికి ఒక కొమ్ము లేదు. నాలుగు కాళ్లూ నాలుగు రకాలు. “ఇది ఎట్లా చేసినావు?” అని అడిగాను.

బాబు చాలాసేపు చెప్పాడు. మొదట చేసిన ఎద్దు ఎండగానే మెడ దగ్గర పగిలిపోయిందట. రెండవది కూడా పగిలిందట. ఎండాకాలంలో చేను కూడా ఇట్లే నెర్రెలు విచ్చుతుందని, తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొనిపోవడం నల్లరేగడి గుణమని అవ్వ చెప్పిందట. కుందూ ఏటి ఇసుకను కొద్దిగా కలిపి, నీడన ఆరబెడితే మూడవ ఎద్దు నిలిచిందట. “మరి కొమ్ము?” అంటే, “అది బస్సులో ఇరిగిపాయ. మళ్లా చేస్తా. నాకు తెలుసు” అన్నాడు.

‘మాయమ్మకు తెలుసు’ అన్న నోటితోనే ‘నాకు తెలుసు’ అన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే విద్య. నేల స్వభావాన్ని గురించి, తప్పును దిద్దుకోవడాన్ని గురించి, ఓర్పును గురించి ఆ బాబు నేర్చుకొన్నది ఏ పరీక్షలోనూ అడగరు. కాని రేపు అతను ఇంజనీరైనా, రైతైనా, వైద్యుడైనా, శిల్పియైనా, మొదటి ప్రయత్నం పగిలినప్పుడు ఏడ్చి కూర్చోకుండా రెండవసారి మట్టి కలిపే ధైర్యం అతనికి ఉంటుంది.

ఈ మాటలను తల్లిదండ్రులకు చెప్పక, ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఎందుకు చెబుతున్నావని మీరు నన్ను అడగవచ్చు. మీరు పుస్తకాల బరువుతో, మార్కుల ఆదుర్దాతో ఉన్నవారు. మీలో చాలామందికి తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు కలం తప్ప మరొక పనిముట్టు చేతికి తగలదు. ప్రయోగశాలలో తీగను కలపడానికి, కత్తెర పట్టడానికి చేయి వణుకుతుంటే ఆ లోపం మీది కాదు. మీ చిన్నతనంలో ఎవరో “నువ్వు చెడగొడతావు” అని ఉంటారు. ఇప్పుడు మీ ఇంటిలో ఒక చెల్లెలో, తమ్ముడో, అక్క కొడుకో, పక్కింటి పాపో ఉంటారు. మీరు వారికి అన్నలు, అక్కలు. అమ్మ కంటే, అయ్యవారి కంటే మీ చేతిని వారు ఆసక్తిగా చూస్తారు.

కనుక వచ్చే ఆదివారం ఒక్క గంట పుస్తకాన్ని మూసిపెట్టండి. ఒక పాత కాగితాన్ని, నాలుగు అగ్గిపెట్టెలను, పిడికెడు మట్టిని ముందు పెట్టుకొని ఆ చిన్నవారి పక్కన కూర్చోండి. మీ బొమ్మను మీరు చేసుకోండి. వారి బొమ్మను వారిని చేసుకోనివ్వండి. అది వంకరగా వస్తే దిద్దకండి. ఆ వంకర బొమ్మను మీ చదువుబల్ల మీద, మీకు లభించిన ప్రశంసాపత్రాల సరసన నిలపండి. దాని పక్కన మీరు ఎన్నో ఏళ్ల తరువాత చేసిన మరొక వంకర బొమ్మ కూడా ఉంటే మరీ మంచిది.